వేలిముద్ర అడిగిన పిండి

ఇప్పలగుంపు,
12-6-1978

అత్తయ్యకు,

నిర్మల నమస్కారాలు. క్షేమంగా చేరాను. టేకులపల్లిలో బస్సు దిగాక ఇంకా ఆరు మైళ్ళు ఎడ్లబండి మీద రావాలి. నువ్వు కట్టిచ్చిన పులిహోర వాగు దాటేసరికే అయిపోయింది. బండి తోలిన దూలయ్యకు కూడా పెట్టాను. "పుల్లగున్నది, గని మంచిగున్నది" అన్నాడు. ఆరు మైళ్ళలో ఆయన మాట్లాడింది ఆ ఒక్క ముక్కే.

ఊరంటే ముప్పై రెండు గడపలు. అందరూ కోయవాళ్ళే. నా బాలవాడి బడి తాటాకు పాక, దాన్ని ఆనుకుని నేనుండే గది. ఊరిపెద్ద జంపయ్య గది మూలలన్నీ కర్రతో కుళ్ళబొడిచి, రెండు తేళ్ళను చంపి, "ఇగ నీదే పంతులమ్మా" అని అప్పగించాడు.

అసలు సంగతి పిండి. పోయిన గురువారం సూపర్‌వైజరమ్మ జీపులో ఎనిమిది సంచులు దించింది. అమెరికా నుంచి ఓడలో వచ్చిందట. మొక్కజొన్న, సోయాచిక్కుడు, పాలపొడి కలిపి ఆడించి, ఆ పైన విటమిన్లు చేర్చారట. రంగు పసుపు. సంచి మీద రెండు చేతులు కలిపి పట్టుకున్న బొమ్మ ఉంటుంది. ఆవిడ ఊరందరినీ కూర్చోబెట్టి, కంటికి మంచి చేసే విటమిను ఉంది, రక్తానికి ఇనుము కలిపారు అని చెప్పింది. జంపయ్య లేచాడు.

"ఇనుమా?"

"అవునయ్యా, ఇనుము."

"నాగలి కర్రుకు పెట్టే ఇనుమా?"

"అదే అనుకో."

"అది వానల తడిస్తె తుప్పు పడ్తది గదమ్మా. కడుపుల తుప్పు పడితె దేనితోటి గీకాలె?"

ఊరంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. సూపర్‌వైజరమ్మ నా వైపు చూసిన చూపుకు ఇంకా భయంగానే ఉంది.

పిల్లకు వారానికి ఇంత అని తల్లులకు కొలిచి ఇవ్వాలి. తీసుకున్నట్టు తల్లి రిజిస్టరులో వేలిముద్ర వెయ్యాలి. ఇరవై మంది పిల్లల పేర్లు రాసుకున్నాను. ఇప్పటికి ఒక్క తల్లి కూడా రాలేదు. పోనీ అని నేనే ఉడికించి పెడితే పిల్లలు "మందు వాసన" అని ముక్కులు మూసుకున్నారు. నీ చేతికి తెలిసిన కిటుకు ఏదైనా ఉంటే రాయి. నా వంట సంగతి నీకు తెలుసుగా.

మామయ్యకు నమస్కారాలు.

నీ మేనకోడలు,
నిర్మలాదేవి


తల్లాడ,
21-6-1978

చిరంజీవి నిర్మలకు అత్తయ్య ఆశీర్వచనాలు.

నీ ఉత్తరం పక్కింటి సుబ్బరత్నానికి చదివి వినిపించాను. తుప్పు దగ్గర పడీపడీ నవ్వి, పొయ్యి మీద పాలు పొంగించుకుంది. మన నల్లగేదె ఈనింది. దున్న పుట్టింది, ఏం చేస్తాం. ఇక్కడ వాన చినుకు లేదు.

పిండి సంగతికి వస్తాను. మందు వాసన పోవాలంటే పచ్చిపిండి నీళ్ళలో కలపకూడదు. సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు. వేరే గిన్నెలో బెల్లం కరగబెట్టి, వడగట్టి, అందులో పిండి కొద్దికొద్దిగా పొయ్యి. ఉండ కట్టకుండా కలుపుతూనే ఉండాలి, మధ్యలో కిటికీలోంచి చూడకూడదు. ఏలక్కాయ అక్కడ దొరకదు కాబట్టి శొంఠి వెయ్యి.

అయినా నేను వాళ్ళను పూర్తిగా తప్పు పట్టను. పోయిన నెల బజారులో డబ్బా నెయ్యి అమ్మే కుర్రాడు, "విటమిన్లు కలిపారమ్మా, తీసుకోండి" అన్నాడు. "కలిపారంటే ముందు ఏదో తీసేశారనే కదా నాయనా! ఏమీ తీసెయ్యకపోతే మళ్ళీ కలపడం ఎందుకు?" అన్నాను. నా గేదె నెయ్యిలో ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. కానీ అది గేదె ఉన్నదాని మాట. లేనివాళ్ళ పిల్లలు ఏదో ఒకటి తినాలి కదా.

ఇంకో ఉపాయం ఉంది. మీ మామయ్య పేరు చెప్పు. ఎడ్ల బేరానికని ఆ కోయ ఊళ్ళన్నీ పదేళ్ళు తిరిగిన మనిషి. తల్లాడ చెంచురామయ్య గారి ఇంటి పిల్లనని చెబితే వాళ్ళే వచ్చి తీసుకుంటారు. ఈ మాట ఆయన్ని అడక్కుండానే రాస్తున్నాను. కొట్టంలో దూడ దగ్గరున్నాడు.

ఈ ఉద్యోగానికి నిన్ను పంపమని మీ నాన్నను ఒప్పించింది నేనే. కాబట్టి దోమతెర కట్టుకోకుండా పడుకుంటే నామీదికే వస్తుంది.

ఇట్లు,
రాఘవమ్మ


ఇప్పలగుంపు,
6-7-1978

అత్తయ్యకు నమస్కారాలు.

నీ బెల్లం పాకం గెలిచింది. సోమవారం పదకొండు మంది పిల్లలు ఆకుదొప్పలు నాకి, ఆ దొప్పల్ని మేకలకు కూడా మిగల్చలేదు. మంగళవారం తల్లులు తడిక అవతల నిలబడి చూశారు. దూలయ్య, ఇంకా ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు కూడా వచ్చారు. సరే, ఇదే అదను అనుకుని నీ రెండో ఉపాయం వాడాను. "నేను పరాయిదాన్ని కాదు, తల్లాడ చెంచురామయ్య గారి ఇంటి పిల్లని" అన్నాను.

దూలయ్య కింద పెట్టిన కర్ర తీసుకుని లేచిపోయాడు. బుధవారం ఒక్క పిల్ల రాలేదు. ఇవాళా లేదు. నాకైతే బెల్లం ఎక్కువై కడుపులు నొచ్చాయని అనుమానం. శొంఠి ఎంత వెయ్యాలో నువ్వు రాయలేదు.

ఇక్కడ గంగక్క అని ఒక పిల్ల ఉంది. అందరూ గంగి అంటారు. దూలయ్య, ఆయన భార్య భీమక్కల మనవరాలు. అయిదేళ్ళు. పగలంతా లేడిపిల్లలా గెంతుతుంది. పొద్దు వాలితే మాత్రం గోడ పట్టుకుంటే తప్ప అడుగు వెయ్యదు. మొన్న సాయంత్రం పాక ముందు కట్టేసిన ఆవును గుద్దుకుని పడింది. ఆవు కదల్లేదు, పాపం. గంగి లేచి, అది గోడ అనుకుని దాన్నే పట్టుకుని నడిచింది. చూసినవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ట్రైనింగులో చెప్పారు, రేచీకటి అట్లాగే మొదలవుతుంది, అశ్రద్ధ చేస్తే పగటి చూపు కూడా పోతుంది. దానికి కావలసిన విటమిను నా గదిలో ఎనిమిది సంచుల్లో ఉంది. నేను వాటి పక్కన చాప వేసుకుని పడుకుంటున్నాను.

నిన్న భీమక్క వచ్చి, "నాలుగు గుప్పిళ్ళు పిండి పెట్టు, కోళ్ళకు" అంది.

"కోళ్ళకెందుకు? మనవరాలికి పెట్టు."

"ముందుగాల కోళ్ళు తిననీ."

పెట్టాను. నేను రిజిస్టరు తెరిచేలోపు వెళ్ళిపోయింది. అయినా కోళ్ళ చేత వేలిముద్ర వేయించే పద్ధతి నాకెవరూ నేర్పలేదు.

సూపర్‌వైజరమ్మ కబురు పంపింది. దసరాలోపు ఇరవై మంది తల్లులూ పిండి తీసుకోకపోతే బాలవాడిని ఇంకో ఊరికి మారుస్తారట.

నిర్మల


తల్లాడ,
16-7-1978

చిరంజీవి నిర్మలకు,

శొంఠి చిటికెడు. గుప్పెడు వేశావా ఏమిటి కొంపదీసి?

రేచీకటికి మా అమ్మ మేక కార్జం కాల్చి పెట్టేది. మునగాకు కూడా మంచిదే. ఆ పిల్లకు ఎట్లాగైనా తినిపించు. వీలైతే బొప్పాయి పండు పంపుతాను గానీ, బస్సులో ఇప్పలగుంపు చేరేసరికి అది బొప్పాయి రసం అవుతుంది.

నీ ఉత్తరం చదువుతుంటే మీ మామయ్య విన్నాడు. "నా పేరు ఎవరు చెప్పమన్నారు?" అని నామీద లేచాడు. పేరు చెప్పినా పని కాలేదని పరువు తక్కువైందనుకున్నాను. నవ్వుతూ ఏదో అన్నాను. విస్తరి ముందునుంచి లేచిపోయాడు. నా పెళ్ళయి ముప్పై ఏళ్ళు, ములక్కాయ పులుసు వదిలి ఆయన లేవడం ఇదే మొదలు. నిన్ను అక్కడినుంచి వచ్చెయ్యమంటున్నాడు. ఇంకెక్కడైనా వేయిస్తానంటున్నాడు. మగవాళ్ళకు పేరు పట్టింపు ఎక్కువ. నువ్వేమీ మనసులో పెట్టుకోకు.

కోపం తెచ్చుకోకపోతే ఒక మాట. ఆ అడవిలోవాళ్ళకు తెలియనిదేదీ రుచించదు. మనం బతిమాలేకొద్దీ బిగుస్తారు. సంచులకు తాళం వేసి ఊరుకో. నాలుగు రోజులు ఆకలేస్తే వాళ్ళే తింటారు.

సుబ్బరత్నం ఇంటికి రేడియో వచ్చింది. తెల్లారకముందే వ్యవసాయదారుల కార్యక్రమం. ఆవిడకు అరెకరం కూడా లేదు.

ఇట్లు,
అత్తయ్య


ఇప్పలగుంపు,
3-8-1978

అత్తయ్యా,

ఆకలేస్తే వాళ్ళే తింటారని రాశావు. ఇక్కడ ఆకలి కొత్తది కాదు. ఆకలిలో తిన్నది ఒకటి వాళ్ళకు ఇంకా గుర్తుంది, అందుకే తినలేదు. ఆ సంగతి నాకు మొన్న తెలిసింది.

మంగళవారం భీమక్క గంపతో వచ్చి నా ముందు దించింది. గంప నిండా కోడిపిల్లలు. లెక్క పెట్టమంది. పదకొండు.

"పిండి తింటె పిల్లలు పుట్టరని సంతల అన్నరు" అంది. "మొన్నమొన్నటిదాంక పిల్లలు గాకుండ ఆపరేషన్లని జీపులేసుకొని తిరిగిర్రు గద. గందుకే గుడ్లు పెట్టే కోళ్ళకు పెట్టి, గా గుడ్లే పొదిగేసిన. పన్నెండు గుడ్లకు పదకొండు పిల్లలాయె. ఒక్కటి మురిగింది, అది ఎప్పుడన్న మురుగుతది. నీ పిండిల దోషం లేదు."

నాకు ఆవిణ్ణి కావలించుకోవాలనిపించింది. "అయితే ఇంకేం, గంగికి తీసుకెళ్ళు" అని రిజిస్టరు తెరిచాను. ఆవిడ వెనక్కి జరిగింది. సంచి మీది బొమ్మ చూపించి, "గిదేంది?" అంది.

"స్నేహం. ఇచ్చేవాళ్ళ చెయ్యి ఒకటి, తీసుకునేవాళ్ళ చెయ్యి ఒకటి."

"తీస్కునేటోని బొటనేలు ఏది?"

చూశాను. నిజమే అత్తయ్యా, ఒక చేతి బొటనవేలు కనిపిస్తుంది, రెండోది లోపలికి పోయింది.

"ఉత్తగ ఇచ్చెటోడు ఆఖరుకు ఏలే అడుగుతడు పంతులమ్మా" అంది. "కరువేడు ఒక ఆసామి జొన్నలు, ఉప్పు బండి మీద తెచ్చి ఇచ్చిండు. పిల్లలు సస్తుండె, తీస్కున్నం. 'ముట్టినట్టు ఏలెయ్యిర్రి' అన్నడు. మా ఆయన ఏసిండు. ఇంక కొందరు ఏసిర్రు. కాగితం మీద ఏమున్నదో మాకేమెరుక! గా ఏలు ఏనాడొచ్చి మా చేన్ల నిలబడ్తదో అని ఇప్పటికి గూడ చూస్తనే ఉన్నం."

"ఎవరా ఆసామి?" అన్నాను. భీమక్క నా మొహంలోకి చూసింది. "పేరెందుకులే" అని కోడిపిల్లల్ని గంపకెత్తింది.

నేను రెండు నెలలుగా వంట మారుస్తున్నాను. వాళ్ళ భయం పిండికి కాదు, రిజిస్టరుకు.

ఆ మధ్యాహ్నమే జంపయ్య దగ్గరికి వెళ్ళి, రిజిస్టరులో ఏం రాసి ఉందో పేజీ పేజీ చదివి వినిపించాను. పిల్ల పేరు, తల్లి పేరు, పిండి ఎంత. అంతే. ఆయన విని, రిజిస్టరు మూసి నా చేతికిచ్చాడు.

"సరే. అందరం ఏస్తం. ముందుగాల నువ్వెయ్యి."

"నేను సంతకం చేస్తాను."

"సంతకం మాకు చదవరాదు. అన్ని సంతకాలు మాకు ఒక్క తీర్గనే ఉంటయి. ఏలైతే ఎవలది వాళ్ళదే."

నోటుపుస్తకంలోంచి తెల్లకాగితం చింపి, సిరా అద్ది, బొటనవేలు నొక్కాను. జంపయ్య దాన్ని ఉఫ్ ఉఫ్ అని ఊది, చుట్టి, వెదురుబొంగులో పెట్టి చూరులో దోపాడు. "నీ దగ్గర మా ఏలు, మా దగ్గర నీ ఏలు. ఇగ పిండి కొలువు" అన్నాడు. ఇరవై మంది తల్లులు వచ్చారు. అందరికంటే ముందు భీమక్క, గంగికి తల్లి లేదు కాబట్టి తనే వేసింది.

మూడు రోజులుగా వాన. వాగు పొంగుతోందంటున్నారు. ఈ ఉత్తరం ఎప్పటికి చేరుతుందో.

నీ నిర్మల


తల్లాడ,
9-8-1978

నిర్మలా,

నీ ఉత్తరం రాలేదు గానీ నీ కబురు వచ్చింది. చింతపండు బేరం చేసే సీతయ్య నిన్న మన అరుగు మీద కూర్చుని ఏమన్నాడో తెలుసా? "మీ నిర్మలమ్మ కోయోళ్ళకు ఏలిముద్ర ఏసిచ్చిందట గదమ్మా!" మంచినీళ్ళ చెంబు నా చేతిలోంచి జారి ఆయన కాలి మీద పడింది.

ఇంటరు దాకా చదివించింది వేలిముద్ర వెయ్యడానికా? ఎవరికి వేశావు, ఎందుకు వేశావు? బెదిరించారా? మధిరలో మీ నాన్న పొలం సంగతి ఏమైనా రాయించారా? అది స్టాంపు కాగితమా, మామూలు కాగితమా? ఏం రాసి ఉంది? చదివే వేశావా?

ఖాళీ కాగితం మాత్రం కాదని రాయి. ఖాళీ కాగితం అయితే ఈ ఉత్తరం అందగానే వెళ్ళి, కాళ్ళు పట్టుకునైనా వెనక్కి తెచ్చుకో. రాసిన కాగితం ఎంతవరకు రాసి ఉందో అంతవరకే. ఖాళీదానికి హద్దు ఉండదు. దాని సంగతి నీకు తెలియదు.

మీ మామయ్యకు ఇంకా చెప్పలేదు. వెంటనే జవాబు రాయి.

అత్తయ్య


ఇప్పలగుంపు,
18-8-1978

అత్తయ్యకు,

నా పెద్ద ఉత్తరం ఈపాటికి చేరి ఉంటుంది. వాగు పొంగి తపాలా సంచి టేకులపల్లిలోనే వారం రోజులు ఉండిపోయిందట. అది చదివితే నన్నెవరూ బెదిరించలేదని నీకే తెలుస్తుంది. సీతయ్య కాలు ఎలా ఉంది?

అవును, ఖాళీ కాగితమే. పైన ఒక్క అక్షరం లేదు. వెనక్కి అడగను. అడిగితే ఆ సాయంత్రానికల్లా ఇరవై గిన్నెల పిండి నా గుమ్మంలో ఉంటుంది. జంపయ్య చూరులో ఉన్న కాగితంతో నాకేమవుతుందత్తయ్యా? ఈ ఊళ్ళో ఎవరికీ రాయడమే రాదు. రాయడం వచ్చినవాళ్ళ చేతిలో ఉంటే కదా భయపడాలి.

ఇప్పుడు వారం వారం పిండి ఇళ్ళకు పోతోంది. జొన్న జావలో కలుపుకుంటున్నారు, నీ పాకం కంటే అదే నచ్చింది, ఏమీ అనుకోకు. జంపయ్య రోజూ పొద్దున కడుపు నిమురుకుంటూ వచ్చి, "పంతులమ్మా, తుప్పు ఇంక పట్టలే" అని చెప్పి పోతాడు. గంగికి ఇంకా సాయంత్రాలు గోడే దిక్కు. భీమక్క రోజూ దాని కళ్ళముందు దీపం ఆడించి చూస్తోంది. చూసి నావైపు చూస్తుంది.

నిర్మల


తల్లాడ,
30-8-1978

చిరంజీవి నిర్మలకు,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు చేరాయి. మొదటిది చదివాను, రెండోది చదివాను, మళ్ళీ మొదటిది చదివాను. వారం రోజులుగా నీకు రాయాలని కూర్చుని లేస్తున్నాను.

రాయడం వచ్చినవాళ్ళ చేతిలో ఉంటేనే భయం అన్నావు. ఈ ఇంట్లో రాయడం వచ్చినవాళ్ళం ఇద్దరం ఉన్నాం.

భీమక్క చెప్పిన ఆ ఆసామి మీ మామయ్య. ఆరేళ్ళ కిందట కరువప్పుడు మన బండి మీద జొన్నలు, ఉప్పు ఆ వైపు వెళ్ళాయి. మూటలు కట్టింది నేనే. పుణ్యానికి పంపుతున్నాడనుకుని దోసెడు బెల్లం కూడా వేశాను. తిరిగి వచ్చి కాగితాలు ట్రంకు పెట్టెలో పెట్టాడు. ఇవేమిటని అడిగాను. "అడవి భూమి మన పేరున రాయించుకోకూడదని చట్టం. రోజులు ఎప్పుడూ ఒక్కలాగే ఉండవుగా, ఉండనీ" అన్నాడు. ఉండనిచ్చాను. తప్పని తెలిసే ఉండనిచ్చాను. పండగ పండగకూ ఆ పెట్టెలోంచి పట్టుచీర తీసి, కట్టుకుని, మళ్ళీ మడతపెట్టి వాటి పక్కనే పెట్టాను. ఏ ఊరివాళ్ళవో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నీకు ఆయన పేరు చెప్పమని రాసినప్పుడు కూడా అవి నాకు గుర్తు రాలేదు. చూడు, ఆరేళ్ళు కళ్ళముందు ఉంటే ఏదైనా పెట్టెలో సామానే అయిపోతుంది.

నువ్వు ఖాళీ కాగితం మీద వేలు వేశావని విన్నప్పుడు మాత్రం ఒళ్ళు జలదరించింది. నా పిల్లదైతే జలదరింపు, దూలయ్యదైతే పట్టుచీర పక్కన కాగితం.

మొన్న శుక్రవారం ఆయన పొలం వెళ్ళాక పెట్టె తీశాను. నాలుగున్నాయి. అడుగున నల్లటి బొటనవేలు, పైనంతా తెలుపు. వాటిని నీళ్ళకాగు కింద పెట్టి అగ్గిపుల్ల గీశాను. ఆయన పొలం నుంచి వచ్చి ఆ నీళ్ళే పోసుకున్నాడు. "ఇవాళ నీళ్ళు బాగా కాగాయే" అన్నాడు. అవునండీ అన్నాను.

వాళ్ళకు చెప్పాలో వద్దో నువ్వే చూడు. చెప్పడానికి నాకు మొహం లేదు.

రాఘవమ్మ


ఇప్పలగుంపు,
11-9-1978

అత్తయ్యకు,

నీ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు తిరిగాను. పాట నేర్పుతూ మధ్యలో ఆగిపోయాను, పిల్లలే పూర్తి చేశారు. ఆఖరికి దూలయ్యను, భీమక్కను, జంపయ్యను పాక ముందు కూర్చోబెట్టి, "ఆ ఆసామి మా మామయ్య" అన్నాను.

"ఎరుకే" అంది భీమక్క. "నువ్వే చెప్తివి గద, గా దినం."

బెల్లం, శొంఠి అని నేను నీకు రాసిన రోజు గుర్తుందా? అప్పటినుంచీ వాళ్ళకు తెలుసు.

"తెలిసి కూడా నా రిజిస్టరులో వేలెందుకు వేశారు?"

"నువ్వు గూడ ఏస్తివి గద!" అంది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

నువ్వు కాల్చిన సంగతి చెప్పాను. దూలయ్య తల ఎత్తలేదు. జంపయ్య మాత్రం "ఎన్ని?" అన్నాడు. నాలుగన్నాను. ఆయన వేళ్ళు ముడిచి లెక్క పెట్టాడు.

"గప్పుడు ఏసినోళ్ళు ఐదుగురు."

ఐదోది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ ఐదుగురూ ఇప్పుడు, మిగిలింది తనదే అనుకుంటున్నారు. ఒక మంచి కబురు తెచ్చి ఐదుగురికి దిగులు పంచినట్టయింది. అత్తయ్యా, వెతుకు. పంచాంగంలో చూడు, కోటు జేబులో చూడు. మామయ్యనే అడుగు.

ఇక నీకు నచ్చే సంగతి. నిన్న పొద్దు వాలాక నేను గదిలో దీపం వెలిగిస్తుంటే ఒక కోడిపిల్ల లోపలికి ఉరికింది. దాని వెనకే గంగి. గోడ పట్టుకోలేదు. గుమ్మం దగ్గర పీట ఉంటే దాన్ని దాటింది. కోడిపిల్ల సంచుల వెనక్కి దూరితే వంగి చూసి, "గక్కడున్నది!" అని వేలు పెట్టి చూపించింది. నాకు కనిపించలేదు అత్తయ్యా, కళ్ళలో నీళ్ళు అడ్డం వచ్చాయి. బయట భీమక్క దీపం చేత్తో పట్టుకుని, వెలిగించకుండా, అట్లా నిలబడే ఉంది.

సూపర్‌వైజరమ్మ వచ్చి ఇరవై ముద్రలూ చూసి వెళ్ళింది. బాలవాడి ఇక్కడే ఉంటుంది. పిండి ఎట్లా అలవాటు చేశావో వచ్చి చెప్పమని నన్ను ఖమ్మం మీటింగుకు పిలిచారు.

నిర్మల


తల్లాడ,
2-10-1978

చిరంజీవి నిర్మలకు అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు ఖమ్మంలో మీటింగు చెబుతున్న రోజునే నేను ఇప్పలగుంపు వచ్చి వెళ్ళాను. నీ గదికి తాళం. నువ్వు ఊళ్ళో లేకపోవడం ఒకందుకు మంచిదే అయింది.

జరిగింది రాస్తాను. నీ ఉత్తరం అందిన రోజే మీ మామయ్యను సూటిగా అడిగాను. ఐదోది ఏది అన్నాను. ఏ ఐదోది అన్నాడు. పెట్టెలో నాలుగూ నీళ్ళకాగు కింద కాలాయి, ఐదోది ఏది అన్నాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ పూట నుంచి నేను వండడం మానేశాను. మూడు రోజులు బజారు హోటల్లో తిన్నాడు. ఊరంతటికీ సుబ్బరత్నం ద్వారా తెలిసింది, రేడియో కంటే త్వరగా. నాలుగో రోజు పొద్దున వంటింటి గడప మీద కాగితం పెట్టి నిలబడ్డాడు. బీరువా అరలో విడిగా దాచాడట. "ఆ రోజు నీళ్ళలో కాగితం వాసన వచ్చింది" అన్నాడు. అంటే తెలుసు. తెలిసి నెల రోజులు ఊరుకున్నాడు. "జొన్నలు ఇచ్చింది మాత్రం నిజంగానే ఇచ్చానే, పిల్లలు చచ్చిపోతున్నారు" అన్నాడు. "అది నిజమే. అక్కడితో ఆగాల్సింది" అన్నాను. అన్నం వండాను.

ఆయన్నీ రమ్మన్నాను, రాలేదు. ఒక్కదాన్నే వచ్చాను. టేకులపల్లిలో బస్సు దిగితే బండి కట్టింది దూలయ్యే. ఎవరో తెలియక ఆరు మైళ్ళూ పక్కనే కూర్చున్నాను. నువ్వన్నట్టే, పెదవి విప్పలేదు. ఊళ్ళో దిగాక పేరు చెప్పి కాగితం తీశాను. జంపయ్య ఐదుగురినీ పిలిచాడు. ఒక్కొక్కరూ ఆ ముద్ర పక్కన బొటనవేలు పెట్టి చూసుకున్నారు. ముద్రకు అడ్డంగా ఒక గీత ఉంది. దూలయ్య బొటనవేలికి గొడ్డలి దెబ్బ మచ్చ ఉంది. తక్కిన నలుగురూ ఒక్కసారి ఊపిరి వదిలారు, నాకు వినిపించింది.

క్షమించమని అడగాలని బస్సులో మాటలన్నీ కూర్చుకుని వచ్చాను. ఒక్కటీ రాలేదు. "తీసుకో అయ్యా" అన్నాను. అంతే.

భీమక్క నన్ను కూర్చోమని, జావ పోసి ఇచ్చింది. పసుపు రంగు చూసి గుర్తుపట్టాను. పక్కన గంగి కూర్చుని నేను తాగుతానో లేదోనని నా గొంతు వైపే చూస్తోంది. తాగాను. నిజం చెప్పనా, ఉప్పు తక్కువైంది. రెండోసారి పోస్తే అదీ తాగాను. మీటింగులో నా శొంఠి సంగతి చెప్పావా లేదా?

దూలయ్య ఆ కాగితాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. చింపుతాడనుకున్నాను. పొయ్యిలో వేస్తాడనుకున్నాను. మొలలోంచి పొగాకు తీసి, కాగితంలో పెట్టి చుట్ట చుట్టి, నిప్పుతో ముట్టించాడు. రెండు దమ్ములు లాగి దగ్గాడు. అప్పుడు మాట్లాడాడు.

"మంచిగ లేదు. గొంతుల గీరుకపోతున్నది. చుట్టకు తునికాకే నయం."

అయినా చివరిదాకా కాల్చాడు.

ఇట్లు,
మీ అత్తయ్య
రాఘవమ్మ